రీలుకు జాగారం

పోయినవారం హిలారియాను తలుపు మూసిన గదిలో, వెలుగుతున్న కొవ్వొత్తి ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె ఒళ్ళో మొగుడి నల్లపెట్టె కెమెరా ఉంది. ఆ కెమెరా వెనక మూత బార్లా తెరిచి ఉంది. అలా తెరిచి తానేం చేసిందో ఆమెకి ఆ ఆదివారం మధ్యాహ్నం తెలియదు.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున ఇంట్లోంచి వెళ్ళిన ఎవరిస్తో తిరిగి రాలేదు. ఆ రోజే యానా ఓర్కో కొండలో మూసేసిన పాత సొరంగం ఒకటి కూలింది. అతను ఆ రోజు పనిలోకే రాలేదని కంపెనీవాళ్ళు చెప్పారు. నా కొడుకు అర్జెంటీనా పోయాడు, కోతలు కాగానే వస్తాడని అత్త ఉర్సులా చెప్పింది. శవం లేదు. శవం దొరకనివాళ్ళకి ఆ ఊళ్ళో ఒక దారి ఉంది. పోయినవాడి బట్టల్ని మనిషి పడుకున్నట్టే బల్ల మీద పరుస్తారు. తల దగ్గర టోపీ, కాళ్ళ దగ్గర బూట్లు పెడతారు. చుట్టూ కొవ్వొత్తులు వెలిగించి జాగారం చేస్తారు. అది జరిగితేనే పోయినవాడు పోయినవాళ్ళలో కలుస్తాడు. జరగకపోతే అటూ ఇటూ కాకుండా కొండగాలిలో తిరుగుతుంటాడు. ఉర్సులా ఆ బట్టలు ముట్టనివ్వలేదు. బతికున్నవాడికి జాగారం చేస్తావా అని చీపురు ఎత్తింది.

హిలారియా గని బయట రాళ్ళగుట్ట మీద కూర్చుని, సుత్తితో రాయి పగలగొట్టి, అందులో తగరం మెరిసే ముక్కల్ని ఏరే మనిషి. అలాంటి ఆడవాళ్ళకి ఫొటోలు తియ్యడం నేర్పడానికి కొచబాంబా పట్నం నుంచి నియెవెస్ అనే టీచరమ్మ వచ్చింది. మహిళాసంఘం హాల్లో పాఠాలు. రెండో పాఠంలో ఆవిడ ఒక మాట అంది: "ఫిల్ముకి వెలుగు తగిలిందంటే, సె వేలా."

టీచరమ్మది స్పానిష్. హిలారియాది కెచువా. సంతలో, చర్చిలో ఏరుకున్న స్పానిష్ ముక్కల్లో ఆమెకి తెలిసిన 'వేలా' అంటే కొవ్వొత్తి. 'సె వేలా' అంటే కొవ్వొత్తి వెలిగించి పోయినవాళ్ళ పక్కన మేలుకుని కూర్చోవడం. అంతే ఆమె తెలుసుకున్నది. వెలుగు చూపిస్తే ఫిల్ముకి జాగారం అవుతుంది. అత్త బట్టలివ్వకపోతే పోనీ, మొగుడి చేతులు తాకిన ఫిల్ము కెమెరాలోనే, గోడ మేకుకి వేలాడుతూనే ఉంది కదా! ఆదివారం చర్చినుంచి వచ్చి, అత్త పొరుగింటికి వెళ్ళిన సమయం చూసి, తలుపు వేసి, కెమెరా తెరిచి, పక్కన నాలుగు కోకా ఆకులు, చిటికెడు ఉప్పు పెట్టి, కొవ్వొత్తి కరిగేదాకా కూర్చుంది. మూడేళ్ళలో మొదటిసారి కడుపునిండా ఏడ్చింది.

సోమవారం మధ్యాహ్నం, కెమెరాని శాలువాలో పసిబిడ్డలా కట్టుకుని పాఠానికి వెళ్ళింది.

*

హాలు కిటికీలన్నిటికీ లామా ఉన్ని దుప్పట్లు కట్టి ఉన్నాయి. తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. ఆడవాళ్ళంతా గోడవారగా బెంచీల మీద సర్దుకున్నారు. అందరికంటే ముందు కసిమీరా గొంతు వినబడింది. ఆమెకి చీకటైనా వెలుతురైనా ఒకటే, నోరు మూతపడదు.

"సెనోరీటా, లోపల మగాళ్ళెవరూ లేరు కదా? ఉంటే ముందే చెప్పండి, జడ సరిగ్గా వేసుకుంటాను."

"ఎవరూ లేరు, దోన్యా కసిమీరా," అంది టీచరమ్మ. "కొంచెం ఓపిక పట్టండి. కళ్ళు చీకటికి అలవాటు పడాలి."

"నా కళ్ళు ఎప్పుడో పడ్డాయి. కొమాద్రే హిలారియా, నా పాదం మీంచి నీ పాదం తియ్యి."

అందరూ నవ్వారు. కసిమీరా చిన్నకూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డని ఎత్తుకున్నది హిలారియాయే. ఆ నాటినుంచి ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రేలు. తోడబుట్టినవాళ్ళ మధ్య ఉండే తగాదాలన్నీ వాళ్ళ మధ్య ఉన్నాయి.

టీచరమ్మ ఒక కిటికీ దగ్గరికి వెళ్ళి, దుప్పటిలో చేసిన చిన్న కన్నం మీంచి అట్టముక్క తీసేసింది. మొక్కజొన్న గింజంత కన్నం. అందులోంచి సన్నటి వెలుగు గదికి అడ్డంగా వచ్చి ఎదుటి సున్నపు గోడకి తగిలింది.

మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గోడ మీద ఏదో మసక మసకగా కదిలింది. తర్వాత ఒక అంచు తేలింది. ఆ అంచు కింద నీలం, పైన మట్టిరంగు. ఉన్నట్టుండి ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

గోడ మీద యానా ఓర్కో కొండ తలకిందులుగా వేలాడుతోంది.

అదే కొండ. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న కొండ. దాని శిఖరం నేల వైపు గుచ్చుకుని ఉంది. ఆకాశం వాళ్ళ కాళ్ళ దగ్గర పరుచుకుంది. రాళ్ళగుట్టలు కప్పుకి అంటుకుని ఉన్నాయి. గని లారీ ఒకటి చక్రాలు పైకెత్తుకుని దారి వెంబడి పాకింది. దాని వెనక లేచిన దుమ్ము కిందికి, ఆకాశంలోకి, రాలింది. అన్నిటికీ రంగులున్నాయి. అన్నీ కదులుతున్నాయి.

లోకం ఒకనాడు తిరగబడుతుందని, కింద ఉన్నవాళ్ళు పైకి, పైన ఉన్నవాళ్ళు కిందికి వస్తారని హిలారియా అమ్మమ్మ పొయ్యి దగ్గర చెబుతూ ఉండేది. అది వచ్చినప్పుడు ఉరుములు, మంటలు ఉంటాయనుకుంది హిలారియా. ఇంత నిశ్శబ్దంగా, మొక్కజొన్న గింజంత కన్నంలోంచి వస్తుందనుకోలేదు. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే నుదుటికి, గుండెకి వెళ్ళి శిలువ గీసుకుంది. పక్కన ఇంకొందరు అదే చేస్తున్న శాలువాల చప్పుడు.

మొదట తేరుకున్నది కసిమీరాయే.

"ఓయమ్మ! మన కొండ ముసలమ్మకి లంగా తల మీదకి వచ్చేసిందే!"

నవ్వులు పగిలాయి. కాని ఆ నవ్వుల్లో ఒణుకు ఉంది.

"మీరిప్పుడు ఎక్కడున్నారో తెలుసా?" అంది టీచరమ్మ. ఆవిడ ఎన్నిసార్లు ఈ పాఠం చెప్పిందో గాని, ఆవిడ గొంతు కూడా తగ్గింది. "కెమెరా లోపల. ఈ గదే కెమెరా. కెమెరా అంటే అసలు అర్థం గదే. ఈ కన్నం దాని కంటిపాప. దీన్ని అపెర్చర్ అంటాం. నా చెయ్యి అడ్డం పెడితే..." కొండ మాయమైంది. "తీస్తే..." కొండ వచ్చింది. "ఇది రెప్ప. షట్టర్. ఎంతసేపు తెరిచి ఉంచామో అంత వెలుగు లోపలికి వస్తుంది. ఆ గోడ ఉన్న చోట ఫిల్ము ఉంటుంది."

ఆవిడ కత్తెరతో కన్నాన్ని కొంచెం పెద్దది చేసింది. కొండ మీద వెలుగు పెరిగింది, కాని అంచులు చెదిరిపోయాయి, కన్నీళ్ళలోంచి చూసినట్టు. దాని ముందు చిన్న కన్నమున్న అట్ట పెట్టింది. వెలుగు తగ్గింది. అప్పుడు కొండ మీద దారులు, దారుల్లో మనుషులు, మనుషుల టోపీలు కూడా విడివిడిగా కనబడ్డాయి.

"చిన్న కన్నమైతే బాగా కనబడుతుందా?" హిలారియా అడిగింది. "ఇదేం చోద్యం?"

"చోద్యమే. తక్కువ వెలుగు, స్పష్టంగా. ఎక్కువ వెలుగు, చెదిరిపోయి. మనకి ఏది కావాలో ఎంచుకోవాలి."

"మరి చీకటి లేకపోతే?"

"చీకటి లేకపోతే బొమ్మే లేదు. ఇదిగో చూడండి." టీచరమ్మ ఒక దుప్పటి కొస ఎత్తింది. పగటి వెలుగు గదిలోకి దూకింది. కొండ, లారీ, ఆకాశం ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయాయి. సున్నపు గోడ మిగిలింది, మీద ఒక పాత క్యాలెండరు మేకు.

హిలారియా ఆ గోడ వంక చూస్తూ ఉండిపోయింది. 

"సెనోరీటా," అంది మెల్లిగా. "చీకట్లో ఉండాల్సిన ఫిల్ముకి వెలుగు చూపిస్తే..."

"అదే కదా మొన్న చెప్పాను. సె వేలా."

"ఆఁ. అది చేశాను."

"ఏం చేశారు?"

హిలారియా శాలువా ముడి విప్పి కెమెరా బల్ల మీద పెట్టింది. "నిన్న మధ్యాహ్నం. దీన్ని తెరిచి, కొవ్వొత్తి పెట్టి, పక్కన కూర్చున్నాను. కోకా ఆకులు కూడా పెట్టాను. మా ఆయనకి ఇంతవరకూ జాగారం జరగలేదు సెనోరీటా. మీరే అన్నారు కదా, వెలుగు తగిలితే దానికి జాగారం అవుతుందని."

టీచరమ్మ బెంచీ మీద కూర్చుంది. కసిమీరా ముందు కిసుక్కుమంది. తర్వాత టీచరమ్మ మొహం చూసి శాలువా కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

"దోన్యా హిలారియా," అంది టీచరమ్మ, "ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. మా పనిలో. వెలుగు తగిలి ఫిల్ము పాడైపోవడాన్ని అలా అంటాం. అందులో ఉన్న బొమ్మలు ఆ కొండ పోయినట్టే..."

పూర్తి చెయ్యలేకపోయింది. చెయ్యక్కర్లేదు కూడా. హిలారియా ఇప్పుడే చూసింది, గోడ మీద.

"అంటే కాల్చేశాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆయన దాచిపెట్టి పోయింది మూడేళ్ళు మేకుకి భద్రంగా ఉంది. నేను కొవ్వొత్తి పెట్టి కాల్చేశాను."

"తప్పు నాది. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట వాడుతున్నాను, ఒక్కసారి కూడా..."

"తప్పు మీదయితే ఆయన వస్తాడా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది టీచరమ్మకి.  కసిమీరా వచ్చి హిలారియా పక్కన ఇరుక్కుని కూర్చుంది, ఈసారి తానే ఆమె పాదం తొక్కింది, క్షమాపణ అడగలేదు.

"ఏం సెనోరీటా, అంతేనా? రోట్లో వేసి దంచినా కొన్ని గింజలు మిగులుతాయే! ఒక్కటి కూడా మిగలదా?"

టీచరమ్మ తలెత్తింది. కెమెరా దగ్గరికి లాక్కుని వెనకవైపు తిప్పింది. అక్కడ చిన్న ఎర్ర గాజుకిటికీ ఉంది. లోపల కాగితం మీద నాలుగు అంకె కనబడుతోంది.

"నాలుగు," అంది. ఆవిడ మొహంలో రంగు మారింది. "అంటే మూడు బొమ్మలు తీశారు. నాలుగోదానికి తిప్పి ఉంచారు. దోన్యా హిలారియా, తెరిచినప్పుడు చుట్టని విప్పారా?"

"లేదు. ముట్టుకోలేదు. శవాన్ని ముట్టుకోం కదా."

"ఈ ఫిల్ముకి వెనకంతా నల్లకాగితం ఉంటుంది. తీసిన బొమ్మలు ఆ కాగితంతో కలిపి చుట్టుకుపోతాయి, మీరు బిడ్డని శాలువాలో చుట్టినట్టు. ఎదురుగా తెరుచుకుని ఉన్నది నాలుగోది. అది పోయింది, పోతే పోనివ్వండి, అందులో ఏమీ లేదు. చుట్టలో ఉన్న మూడింటికీ అంచుల్లోంచి వెలుగు దూరి ఉంటుంది. ఎంత దూరిందో చెప్పలేను. కొవ్వొత్తి వెలుగే కదా, ఎండ కాదు." ఆవిడ లేచింది. "ఏమీ రాకపోవచ్చు. ముందే చెబుతున్నాను."

"రాకపోతే రాలేదని నా కళ్ళతో చూస్తాను," అంది హిలారియా.

*

హాలు వెనక సంఘం వంటసామాను పెట్టే కొట్టు ఉంది. ఉల్లిపాయల బస్తాలు, పెద్ద గరిటెలు, ఒక కుళాయి. టీచరమ్మ అందులోనే తన పని పెట్టుకుంది. ఆవిడా, కొమాద్రేలిద్దరూ లోపలికి వెళ్ళి తలుపు వేశారు. సందులు మూశారు. దీపం ఆర్పారు.

ఇందాకటి చీకటి చీకటి కాదు. అందులో కొండ ఉంది. ఇది వేరు. హిలారియా కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఆడది గనిలో అడుగు పెడితే తగరం దారి మాయమవుతుందని మగవాళ్ళు ఆమెని ఎన్నడూ లోపలికి రానివ్వలేదు. ఇరవయ్యేళ్ళు గని గుమ్మం దగ్గర రాయి కొట్టింది, లోపల ఏముందో చూడలేదు. ఎవరిస్తో లోపల ఇలా ఉండేవాడా? ఇలాంటి చీకట్లోకి రోజూ నడిచి వెళ్ళి, సాయంత్రం వచ్చి, సూప్‌లో ఉప్పు తక్కువైందని ఆమెతో దెబ్బలాడేవాడా?

కాగితం గరగరలాడింది. టీచరమ్మ వేళ్ళు ఏదో విప్పుతున్నాయి, ఏదో చుడుతున్నాయి. ఆవిడ ఊపిరి దగ్గరగా వినిపిస్తోంది.

"మాట్లాడచ్చా?" గుసగుసగా అడిగింది కసిమీరా.

"మాట్లాడితే వెలుగు రాదు, దోన్యా."

"ఏమో, నా నోటి సంగతి మీకు తెలీదు."

చివరికి మూత బిగిసిన చప్పుడు. దీపం వెలిగింది. టీచరమ్మ చేతిలో ఒక నల్ల డబ్బా. అందులోకి మందునీళ్ళు పోసి మెల్లిగా తలకిందులు చేస్తూ నిలబెడుతూ వివరించింది. మొదటిది డెవలపర్, దాగి ఉన్న బొమ్మని బయటికి పిలుస్తుంది. రెండోది ఫిక్సర్, వచ్చిన బొమ్మని వెళ్ళకుండా పట్టి ఉంచుతుంది. హిలారియా పెదవులు కదిలాయి. పిలిచేది, పట్టి ఉంచేది. ఆ రెండు మాటలు ఆమెకి ఇక మర్చిపోవాలన్నా మర్చిపోవు.

కడిగిన ఫిల్ముని టీచరమ్మ దీపం వెలుగుకి ఎత్తి పట్టుకుంది. సగం పట్టీ ఉత్తి నలుపు.

"ఇదేనా నేను కాల్చింది?"

"అదే. ఎక్కువ వెలుగు తగిలిన చోట నల్లబడుతుంది. ఇందులో అంతా తలకిందులే, నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది." ఆవిడ వేళ్ళు పట్టీ వెంబడి జరిగాయి. ఆగాయి. "ఓ దేవుడా."

"ఏంటి?"

"మూడూ ఉన్నాయి."

పొయ్యి దగ్గర ఫిల్ము ఆరేదాకా హిలారియా దాని వంక తప్ప ఎటూ చూడలేదు. తర్వాత ఎర్రదీపం వెలిగించి, ఫిల్ముని కాగితం మీద పెట్టి, పైన గాజుపలక పెట్టి, టీచరమ్మ తెల్లదీపం ఒక్క క్షణం వేసి ఆర్పింది. కాగితం మీద ఏమీ లేదు. ఉత్తి తెల్లకాగితం. దాన్ని ఎనామిల్ పళ్ళెంలోని మందునీళ్ళలో వేసింది.

"మీరే ఊపండి. మెల్లిగా. ఉయ్యాల ఊపినట్టు."

హిలారియా పళ్ళెం అంచు పట్టుకుని ఊపింది. తెల్లకాగితం నీళ్ళలో తేలుతూ, మునుగుతూ. ఇంకా తెలుపే. ఇంకా. ఒక మూల బూడిదరంగు మరక వచ్చింది. మరక టోపీ అయింది. టోపీ కింద రెండు జడలు. జడల కింద వంగిన వీపు.

ఎవరూ రాయలేదు, ఎవరూ గీయలేదు. కాగితం లోపల్నుంచే, తన ఇష్టంతో, ఒక ఆడమనిషి వస్తోంది. రాళ్ళగుట్ట మీద కూర్చుని, సుత్తి ఎత్తి, ఎవరో తనని చూస్తున్నారని తెలియని ఆడమనిషి.

"కొమాద్రే," అంది కసిమీరా. ఆ గొంతులో వెటకారం లేదు. "అది నువ్వే."

హిలారియా పళ్ళెం మీదికి వంగింది. అద్దంలో తప్ప ఆమె తనని తాను చూసుకోలేదు. వీపు ఎలా ఉంటుందో ఎప్పుడూ తెలియదు. ఎవరిస్తో వెనక నిలబడి, పిలవకుండా, ఊరికే చూశాడు. చూసి, దాచుకున్నాడు.

రెండో కాగితంలో వాళ్ళ ఇంటిగోడ, తీగ మీద ఆరేసిన ఆమె పాత లంగా, అంతా పక్కకి ఒరిగి. ఫొటో తియ్యడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాడి చెయ్యి. కసిమీరా ముక్కు చీదుతూ, "లంగా ఫొటో తీసుకున్న మొగుణ్ణి నేను లోకంలో చూడలేదు" అంది.

మూడోది చుట్టలో అన్నిటికంటే పైన ఉన్నది. దాని రెండు అంచులూ కొవ్వొత్తి వెలుగు తినేసింది. కాగితం మీద అవి నల్లబడలేదు, పొగమంచులా తెల్లగా మిగిలిపోయాయి. ఆ మంచు మధ్యలో మెల్లిగా ఒక నల్లటి నోరు తెరుచుకుంది. సొరంగం. దాని ముందు హెల్మెట్టు. హెల్మెట్టు కింద నవ్వు.

హిలారియా పళ్ళెం ఊపడం మర్చిపోయింది. ఎవరిస్తో ఆమె వంకే చూస్తున్నాడు. నీళ్ళు కదిలితే ఆయన కదిలాడు.

"ఇంకో మందులో వెయ్యండి," అంది ఆమె తొందరగా. "పట్టి ఉంచేదాంట్లో. వేగిరం! వెళ్ళిపోతాడు."

ఫిక్సర్‌లో పడ్డాక తెల్లదీపం వేశారు. అప్పుడు ఆమె ఆయన్ని కాళ్ళ నుంచి తల దాకా చదివినట్టు చూసింది. ఎడమ చేతికి గుడ్డ కట్టి ఉంది. ఆ పొద్దున వేడి కెటిల్ పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. తన పాత లంగా అంచు చింపి కట్టింది ఆమే, పైన కుందేలు చెవుల్లా ముడి వేసి. ఫొటోలో ఆ రెండు చెవులూ ఉన్నాయి.

"ఇది ఆ రోజే," అంది. "పనిలోకి రాలేదన్నారు. లోపలికి పోలేదన్నారు. ఇదిగో, గుమ్మంలో ఉన్నాడు."

"అయితే నువ్వు నిన్న చేసింది ఊరికే పోలేదు," అంది కసిమీరా. "జాగారం చేశావు. ఆయన వచ్చి చెప్పిపోయాడు. లే, ఇవాళ బట్టలతో చేద్దాం. కొవ్వొత్తులు నేను తెస్తాను. మీ అత్త చీపురెత్తితే అది నా వీపు మీదే పడనీ."

టీచరమ్మ మాత్రం ఫొటో మీద ఇంకా వంగి ఉంది. "కాని ఇది తీసింది ఎవరు? ఆయన ఇందులో ఉన్నాడంటే కెమెరా ఇంకొకరి చేతిలో ఉంది." ఆవిడ ఫొటో కింది భాగం చూపించింది. నేల మీద పొడుగాటి నీడ పడి ఉంది. "ఎండ వెనకనుంచి వస్తుంటే తీసేవాళ్ళ నీడ ఇలా ముందుకి పడుతుంది. చూడండి, మగవాడు కాదు. వెడల్పు లంగా, ఆడవాళ్ళ గుండ్రటి టోపీ."

కసిమీరా అప్పటికే కొవ్వొత్తుల కోసం బయటికి పరుగెత్తింది. హిలారియా ఆ నీడ వంక చూసింది. దాని ఎడమ భుజం బాగా కిందికి వాలి ఉంది.

ఆ భుజం పక్కనే ఆమె మూడేళ్ళుగా నిద్రపోతోంది.

*

ఉర్సులా వాలిన ఎడమ భుజంతో ఇంటిముందు ఎండగోడకి ఆనుకుని, మంచులో ఎండిన బంగాళాదుంపల పొట్టు తీస్తోంది. కోడలి నీడ మీద పడితే తల ఎత్తలేదు.

"వచ్చావా మహారాణీ! రాళ్ళు ఏరేదానికి ఫొటోలు. రేపు విమానం కూడా నేర్పిస్తారేమో."

"అత్తా, ఇది చూడు."

"నాకు కళ్ళు కనబడవు."

"సూదిలో దారం నువ్వే ఎక్కిస్తావు. చూడు."

ఉర్సులా చూసింది. చేతిలోని దుంప జారి బుట్టలో పడింది. తడి ఇంకా పూర్తిగా ఆరని ఆ అరచేతంత కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె నోరు తెరుచుకుంది. అరుస్తుందనుకుంది హిలారియా. అరవలేదు. బొటనవేలితో కొడుకు చెంపని, చాలా మెల్లిగా, తుడిచింది.

"నవ్వుతున్నాడు," అంది. "వీడు... ఇంకా ఇలాగే ఉన్నాడా."

"ఆ రోజు నువ్వు అక్కడున్నావు."

హిలారియా ఫొటో అడుగున వేలు పెట్టింది.

"ఆ నీడ నీదే, అత్తా."

"వాడే నేర్పాడు," అంది ఉర్సులా. "'అమ్మా, ఈ మీట కిందికి నొక్కు, నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టు' అన్నాడు. బిగబట్టాను. అప్పుడు బిగబట్టిందే, ఇప్పటిదాకా వదల్లేదు. కెమెరా నా చేతిలోనే పెట్టి లోపలికి పోయాడు."

"మూడేళ్ళు నాకు అర్జెంటీనా అన్నావు!"

"అనకపోతే ఏం చెయ్యను? అర్జెంటీనాలో ఉంటే వాణ్ణి తిట్టుకోవచ్చు. కబురు పంపడు, సిగ్గులేనివాడు అని రోజూ తిట్టుకోవచ్చు. కొండ లోపల ఉంటే ఎవర్ని తిట్టను? చెప్పు, ఎవర్ని?"

 హిలారియా కూడా నేల మీద, దుంపల పొట్టులో కూలబడింది. ఇద్దరూ ఒకే కాగితం వంక చూస్తూ కూర్చున్నారు. ఎండ గోడ మీంచి జరిగి వాళ్ళ పాదాల దగ్గరికి వచ్చింది.

"బల్ల తుడువు," అంది చివరికి ఉర్సులా.

హిలారియా వినలేదేమో అనుకుని ఆమె మళ్ళీ అంది. "బల్ల తుడవమన్నాను. వాడి నీలం చొక్కా మడతల్లో చిమ్మటమందు ఉంటుంది, దులిపి తే. వాడికి ఆ వాసన పడదు."

హిలారియా లోపలికి వెళ్ళింది. బల్ల తుడిచింది. చొక్కా దులిపి పరిచింది, చేతులు పక్కలకి పెట్టింది. కింద ప్యాంటు. తల దగ్గర టోపీ. బూట్లు పెడుతుంటే వెనక అత్త అడుగులు వినిపించాయి. ముసలామె గుమ్మం దాటి వచ్చి, బల్ల వంక చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఒక జత చాలదు. ఇంకో జత పరుచు."

"ఇంకో జతా? ఎవరివత్తా?"

ఉర్సులా ఫొటో ఆమె ముందు పెట్టింది. ఎవరిస్తో వెనక, సొరంగం నల్లటి నోట్లో వేలు ఆనించింది. ఆ వేలి కొసన చిన్న తెల్లటి గీత ఉంది, తోకచుక్కలా. మరక అనుకుంటారు ఎవరైనా.

"దీపం," అంది ఉర్సులా. "ఊపితే అలా గీతలా పడింది. వాడికంటే ముందే ఒకడు లోపలికి పోయాడు. అక్కణ్ణుంచి దీపం ఊపుతూ, రారా, రారా అని పిలుస్తున్నాడు."

"ఎవరు?"

బయట సందులో ఆడవాళ్ళ నవ్వు వినిపించింది. అందరికంటే పైన కసిమీరా గొంతు. ఉర్సులా కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి వేళ్ళలో అంత బలం ఉందని హిలారియాకి తెలియదు.

"ముందు తలుపు వెయ్యి," అంది. "ఆ కసిమీరా వినకూడదు."

ఎవరిస్తో కనబడకుండా పోయిన వారమే కసిమీరా మొగుడు దెల్ఫీన్ అర్జెంటీనా పోయాడని ఊరంతా అనుకుంటుంది. ఆ మాట మొట్టమొదట ఊళ్ళో అన్నదెవరో హిలారియాకి ఇప్పుడు, అత్త మొహం చూస్తుంటే, గుర్తొచ్చింది.

ఆమె తలుపు దగ్గరికి నడిచింది. గడియ మీద చెయ్యి వేసేలోపే అవతలి వైపు నుంచి ఎవరో అరచేత్తో దబదబా బాదారు.

"కొమాద్రే! ఉన్నవాటిలో పెద్దవే తెచ్చాను చూడు, తెల్లారేదాకా వెలుగుతాయి. ఏం, తలుపేస్తున్నావేం?"